గట్టు మీద పెట్టిన పుస్తకాలు

మేష్టారు పోయారన్న మాట నాకు బస్సు కిటికీలోంచి వచ్చింది. ఎచ్చెర్ల దగ్గర రోడ్డు పక్కన నా బజ్జీల బండి. పొద్దుటి బస్సు అక్కడ ఆగదు. ఆ రోజు ఆగింది. కండక్టరు తల బయట పెట్టి, "మామ్మా, మీ పుస్తకాల మేష్టారు పోయార్ట! తెల్లారగట్ల పోయార్ట!" అని అరిచి రైట్ రైట్ అన్నాడు. బాణలిలో వాయి ఉంది. ఇన్నేళ్ళలో వాయి మధ్యలో పొయ్యి ఆపినదాన్ని కాను. ఆ రోజు ఆపాను. సగం వేగిన బజ్జీలు నూనెలో తేలుతుండగానే కొంగుకి చేతులు తుడుచుకుని నడిచాను.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. నా మాటను పుస్తకం మాటగా మారుస్తానంది. మార్చమన్నాను. అర్థం మారిస్తే మాత్రం ఊరుకోనని ముందే చెప్పాను. మేష్టారి దగ్గర చదివినవాళ్ళందరూ కలిసి ఆయన జ్ఞాపకానికి ఒక పుస్తకం వేస్తున్నారట. ఆయన పాఠం ఎలా చెప్పేవారో వాళ్ళు రాస్తారు. ఆయన పాఠం నేనెప్పుడూ వినలేదు. నాకు తెలిసింది పాఠం అయిపోయాక జరిగే సంగతి. చదివేసిన పుస్తకాన్ని ఏం చేయాలన్న సంగతి. ఆ సంగతిలో నాకూ మాట ఉంది, అందుకే చెబుతున్నాను.

ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. వాళ్ళ పెద్దలు శ్రీకూర్మం గుళ్ళో కొలువు చేసినవాళ్ళు. రిటైరయ్యాక మా వీధి మొదట్లో, రోడ్డుకి దగ్గరగా ఇల్లు కట్టుకున్నారు. ఒక సాయంత్రం నా బండి దగ్గరకు వచ్చి మిరపకాయ బజ్జీలు కొన్నారు. తినడం అయింది, కాగితం పారెయ్యలేదు. నూనె మరకల కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చదువుతున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"బజ్జీ తింతావా బాబూ, కాగితం తింతావా?"

"అప్పా, ఇది పదో తరగతి లెక్కల పుస్తకం. ఇంకా నడుస్తున్న పుస్తకమే."

"నడిస్తే నడవనీ. నా బండికి అడ్డమొస్తాదేటి? తూకానికి కొన్నాను. అట్ట సింపేస్తే అన్నీ కాగితాలే."

అక్కను మా వైపు అప్ప అంటారు, ఆయన మొదటినుంచీ నన్నలాగే పిలిచారు. మర్నాడు చంకలో పాత న్యూసు పేపర్ల కట్ట పెట్టుకుని వచ్చారు. "నీకు కావాల్సింది కాగితం, నాకు కావాల్సింది పుస్తకం. మార్చుకుందామప్పా" అన్నారు. పేపరైతే నూనె బాగా పీలుస్తుంది. బేరం నాకే లాభమని ఒప్పుకున్నాను. చదువు మీద గౌరవంతో ఒప్పుకున్నానని ఎవరైనా రాస్తే అది అబద్ధం.

ఆ పుస్తకాలకు అట్టలు వేసి తన ఇంటి అరుగు మీద పేర్చారు. కావలసినవాళ్ళు ఊరికే పట్టుకుపోవచ్చని వచ్చేపోయే పిల్లలకు చెప్పారు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒక్కరూ ముట్టుకోలేదు. వంగి చూసేవారు, మేష్టారి ముఖం చూసేవారు, వెళ్ళిపోయేవారు. నాలుగు వారాలు అలాగే గడిచాయి. ఆయన ముఖం వాడిపోయింది.

అవి ఉభాల రోజులు. వరినాట్లను మా వైపు ఉభాలంటాం. ఆకుమడిలో ఆకు, అంటే నారు, పీకి, గడ్డితో కట్టలు కట్టి, మడిలోకి విసురుతాం. నాట్లయ్యాక కట్టలు మిగిలితే గట్టు మీద పెట్టి ఇంటికి వచ్చేస్తాం. ఎవరి మడికి తక్కువైతే వాళ్ళు పట్టుకుపోతారు. అడగరు. ఇచ్చామని మేమూ చెప్పుకోం. అలా పెట్టకుండా దాచుకుంటే ఆకు ముదిరిపోతుంది. ముదిరిన ఆకు నాటినా పిలక వెయ్యదు.

నేను నాట్ల నుంచి బురద కాళ్ళతో వస్తూ అరుగు దగ్గర ఆగి చెప్పాను. "మేష్టారు బాబూ, నువ్వు ఎదురుగా కూకుంటే పిల్లలకి సిగ్గు కాదేటి? ఆకు గట్టు మీద పెట్టినోడు అక్కడే కాపలా ఉంటాడేటి? నువ్వు లోపలికి పో. తలుపేసుకో."

 ఆయన కుర్చీ ఎత్తుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. సాయంత్రానికి మూడు పుస్తకాలు లేవు. మర్నాడు అరుగు పైన గోడ మీద నీలం రంగుతో రెండక్షరాలు రాయించారు. గట్టు. ఈ లోకంలో నేను చూసి పోల్చగలిగిన అక్షరాలు ఆ రెండే.

అప్పటినుంచి పిల్లలు ఆ మాటే వాడేవారు. పరీక్షలైపోతే ఒకరినొకరు, "గట్టెక్కించేసేవేటి?" అని అడిగేవారు. పుస్తకాలను గట్టెక్కించడమన్నమాట. మేష్టారికి ఆ మాట ఎంత ఇష్టమో.

అరుగు సర్దే పని నాది. చదువు రాని నేను బొమ్మలు చూసి పెట్టేదాన్ని. కప్ప బొమ్మవి ఒక వరస, బల్బు బొమ్మవి ఒక వరస. ఒకసారి పెద్ద పొరపాటు చేశాను. కళింగపట్నం పిల్ల ఒకతి బస్సు దిగి, మంచినీళ్ళు తాగడానికి తన పుస్తకం అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళింది. అదీ కప్ప బొమ్మదే. నేను దాన్ని వరసలో పెట్టాను. అప్పుడే వచ్చిన ఇంకో పిల్ల దాన్ని ఎత్తుకుపోయింది. ఈ పిల్ల బయటకు వచ్చి వెతుక్కుని ఏడుపు మొదలెట్టింది.

"గట్టు మీద పెట్టినోళ్ళు మల్లీ అడుగుతారేటే?" అని నేనే కసిరాను.

"నాను పెట్టలేదు మామ్మా, మరిసిపోనాను! రేపే పరీచ్చ!"

మేష్టారు ఎండలో సైకిలు తీసి, ఆ రెండో పిల్ల ఉండే హాస్టలంతా వెతికి, ఆ పుస్తకం తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆయన నన్ను తిట్టలేదు. "తప్పు నీది కాదప్పా. ఇచ్చిన పుస్తకానికీ మరిచిపోయిన పుస్తకానికీ గుర్తు లేకపోవడం తప్పు" అన్నారు.

"గుర్తుకేటి కరువు? ఆకుకట్టకి గడ్డి ముడుంటాది గదా!" అన్నాను.

అలా మా గట్టుకి ఆ పద్ధతి వచ్చింది. ఇచ్చేసిన పుస్తకానికి గడ్డిపోచతో ముడి ఉంటుంది. ముడి ఉంటే ఎవరైనా తీసుకోవచ్చు. ముడి లేకపోతే ముట్టుకోకూడదు. చదువు వచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ అందరికీ తెలిసే గుర్తు. ఉభాల ముడి తేలిక. గడ్డి రెండు చుట్లు తిప్పి, కొసలు మెలిపెట్టి లోపలికి దోపడమే. లాగితే ఊడిపోతుంది. పిల్లలు ఒక పూటలో నేర్చుకున్నారు. మేష్టారికి మాత్రం జన్మలో రాలేదు. రెండు చెవులు పైకి లేపి పువ్వులా కట్టేవారు.

"ఏటి బాబూ ఇది? ఆడపిల్ల జడకి రిబ్బనేటి?"

"నాకు ఇదే వచ్చప్పా. మా అమ్మ నేర్పిన ముడి."

"అంతంత లెక్కలు సేస్తావు, గడ్డిపోస దోపలేవు!"

నవ్వేవారు. నేను ఆయన ముడి విప్పి మళ్ళీ కట్టేదాన్ని.

ఆయన మాటలు కొన్ని ఉన్నాయి. పాసైనవాళ్ళ పుస్తకం కన్నా తప్పినవాళ్ళ పుస్తకం మంచిదనేవారు. "రెండుసార్లు చదివి ఉంటారు, దాన్లో గీతలెక్కువ" అని. లోపల పేరు కొట్టేసి ఇవ్వబోయిన పిల్లాడితో, "కొట్టకురా. నీ ముందు ఒకడు ఈ లెక్క దగ్గరే తల గోక్కున్నాడని తెలిస్తే వెనకొచ్చేవాడికి ధైర్యం" అన్నారు.

మా మనవరాలు డిగ్రీ పాసైంది. మా ఇంట్లో ఆ పిల్లకి ముందు పుస్తకమన్నదే లేదు. ఆ పుస్తకాలకు పసుపు కుంకాలు పెట్టి బీరువాలో దాచాను. ఇస్తే పిల్ల చదువు కూడా వాటితో పోతుందేమోనని నా భయం.  నెల రోజులకి మేష్టారు బజ్జీ నములుతూ, "అప్పా, నీ మడిలో ఆకు మిగిలితే బీరువాలో పెడతావా?" అన్నారు. నా మాట తెచ్చి నాకే కొట్టారు. ఆ రాత్రంతా కోపం. తెల్లారి నేనే ముళ్ళు వేసి గట్టుకి మోసుకెళ్ళాను. ఆయన ఒకటి తీసి నా చేతిలో పెట్టి, "ఇది ఉంచుకో. విత్తనానికి" అన్నారు. అది మా ఇంట్లో బియ్యం డబ్బా పైన ఉంది. దాని మీద నా మనవరాలి టీ గ్లాసు గుండ్రటి మరక ఉంది.

అంత చెప్పినాయన తన పుస్తకాలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. కాలేజీలో చదువుకున్నవన్నీ ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నారు. నేను ఊరుకుంటానా? "ఊరందరికీ గట్టు, నీకు పెట్టె! బాగున్నాది నాయం" అని ఎత్తిపొడిచేదాన్ని. "అవి ముదిరిపోయాయప్పా" అని తప్పించుకునేవారు. కానీ నవ్వేవారు కాదు.

పోయిన కోతల తర్వాత ఆయనకు ఒంట్లో నలతగా ఉంది. నన్ను పిలిపించి, "కొత్త గడ్డి ఓ గుప్పెడు తెచ్చిపెట్టప్పా. ఆ ముడి ఇంకోసారి చూపించు" అన్నారు. చూపించాను.  మళ్ళీ రెండు చెవులే. గట్టు మీద పుస్తకాలకేమో అనుకుని, "వదిలీ బాబూ, నాను కడతాను" అన్నాను. "కాదు, నాకు పని ఉంది" అన్నారు. నేను అడగలేదు.

పరీక్షలై పుస్తకాలు గట్టుకి వచ్చే రోజుల్లోనే ఆయన పోయారు. పన్నెండో రోజు కార్యం అయిన మర్నాడు అరుగు ముందు ఆటో ఆగి ఉంది. పాత కాగితాల అతను కాటా దించుతున్నాడు. మేష్టారి అబ్బాయి పుస్తకాలు కిందికి దింపుతున్నాడు. విశాఖపట్నంలో ఉద్యోగం. మంచివాడే. ఇల్లు అద్దెకి ఇస్తాడట, వచ్చేవాళ్ళకు అరుగు ఖాళీగా కావాలట. నేను వెళ్ళి కాటా పళ్ళెంలో కూర్చున్నాను.

"నన్ను తూసి, తరవాత అవి తుయ్యి."

"అత్తా, లే. ఇవన్నీ పాత సిలబస్. నీకు తెలీదు" అన్నాడు అబ్బాయి.

"నాకు సదువు తెల్దు. ముడి తెలుసు. ముడున్నది ఇచ్చీసినది. ఇచ్చీసినదాన్ని అమ్మడానికి నీకేటి హక్కు? నీ తండ్రికే లేదు!"

అతనికీ కోపం వచ్చింది. "మా నాన్న మాత్రం తన పుస్తకాలు ఇచ్చారా? పెట్టెలో దాచుకున్నారు. చెప్పడం ఊరికి, చెయ్యడం వేరు. చూస్తావా?" అంటూ ఇనప్పెట్టె బయటకు లాక్కొచ్చాడు.  ఎన్నోసార్లు నేనన్న మాటే కదా అది. తాళం తీశాడు.

పెట్టెలో తొమ్మిది పుస్తకాలు. తొమ్మిదింటికీ పచ్చదనం పూర్తిగా పోని కొత్త గడ్డి. రెండు చెవుల ముళ్ళు.

అబ్బాయికి అర్థం కాలేదు. "ఈ రిబ్బన్లేమిటి?" అన్నాడు. "మీ నాన్నకి వాళ్ళమ్మ నేర్పిన ముడి నాయనా" అన్నాను. కాటా మీద నుంచి లేచాను. ఆ గడ్డి నేను తెచ్చి ఇచ్చిందని, ముడి ఇంకోసారి చూపించమని ఆయన ఎందుకు అడిగారో ఇప్పుడు తెలిసిందని చెప్పాను.  అతను ఒక ముడి చెవిని వేలితో నిమిరాడు. విప్పలేదు.

కాగితాల అతను, "నన్నేటి సెయ్యమంతారు?" అన్నాడు. న్యాయమే, ఆటో కిరాయికి తెచ్చుకున్నాడు. అప్పుడు ముగ్గురం కూర్చుని వేరుచేశాం. అబ్బాయి ఒక్కొక్క పుస్తకం చూసి ఇది నడుస్తోంది, ఇది నడవడం లేదు అని చదివి చెప్పాడు. నడవనివి నేనే ముడి విప్పి కాటాలో వేశాను. ముదిరిన ఆకు గట్టు మీద ఉంచితే వచ్చినవాడు మోసపోతాడు. మేష్టారైనా అదే చేసేవారు. పెట్టెలోవి కూడా చూడమన్నాను, నా గుండె రాయి చేసుకుని. అబ్బాయి పేజీలు తిప్పి, "లెక్కలు కదత్తా. ఇవి ముదరవు" అన్నాడు.

అద్దెకి వచ్చినవాళ్ళకు ఇల్లు ఇచ్చాడు. అరుగు ఇవ్వలేదు. గోడ మీద నీలం అక్షరాలు చెరిపించలేదు.

తొలకరి పడి కాలేజీలు తెరిచారు. ఆ తొమ్మిదింటి ముళ్ళు విప్పి సరిగ్గా కట్టడానికి నా చేతులు రాలేదు. అలాగే పేర్చాను. ఒక్కొక్కటీ వెళ్ళాయి. నిన్నటికి ఒకటి మిగిలింది. చినుకుల్లో గొడుగు లేకుండా వచ్చిన పిల్ల ఒకతి దాన్ని తీసి, పెట్టేసి, మళ్ళీ తీసి, బండి దగ్గరున్న నా వైపు అరిచింది.

"మామ్మా, ఇది ఎవరిదేటి? రిబ్బను కట్టున్నాది!"

"ముడున్నాదా లేదా?"

"ఉన్నాది!"

"మరింకేటే? నీదే, పట్టుకెళ్ళు!"

పుస్తకాన్ని ఓణీ కింద గుండెకి హత్తుకుని పరిగెత్తింది. తడవకుండా అంతా కప్పుకుంది కానీ, ఆ రెండు గడ్డి చెవులు మాత్రం ఓణీ అంచులోంచి బయటకు వచ్చి, బస్సు ఎక్కేదాకా ఊగుతూనే ఉన్నాయి.