కొబ్బరినీళ్లు తాగిన రైఫిల్

అచ్చంపేట అవతల ఆ ఊళ్లో బస్సు దిగేసరికి మధ్యాహ్నం. చలిగాలి, ఎర్రనేల, చుట్టూ వేరుశనగ చేలు. అప్పటికి తెలంగాణ వచ్చి కొన్నేళ్లయింది. సైన్యంలో తుపాకులు బాగుచేసి రిటైరై నకిరేకల్‌లో ఉంటున్న నన్ను పంచాయతీవాళ్లు పిలిపించారు. అడవి పందులు చేలు తవ్వుతున్నాయి. కాల్చడానికి అనుమతి ఉంది, పట్నం నుంచి లైసెన్సున్న షూటర్ వచ్చాడు. గుండ్లు మాత్రం పందుల దిక్కు పోవడం లేదు. ఆ రైఫిల్ సంగతి తేల్చడం నా డ్యూటీ.

షూటర్‌ను చూస్తే నవ్వొచ్చింది. మచ్చల బట్టలు, మోకాళ్ల దాకా బూట్లు, మెడలో బైనాక్యులర్. సరిహద్దులో ఏ జవానూ అంత సింగారించుకోగా చూడలేదు. ఆయన రైఫిల్ బ్యారెల్ గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూశాను. గుండును తిప్పి సూటిగా పంపే లోపలి గాడులను తుప్పు తినేసింది.

"దీంట్ల ఏం పోసిండ్రు సార్?"

"ఏటా దసరాకు ఆయుధపూజ చేస్త. కొబ్బరికాయ కొట్టి నీళ్లు బ్యారెల్ల పోస్త. మా తాత కాలం నుంచి గదే రివాజు."

"పోసినంక తుడుస్తరా?"

"తీర్థాన్ని ఎవలన్న తుడుస్తరా?"

ఇలాంటివాడికి తుపాకీ కాదు, గుడిగంట ఇవ్వాలి.

కౌలురైతు యాదమ్మ మా మాటలు వింటూ నిలబడి ఉంది. "మిలిటరీ సారూ, సగం చేను పాయె. ఉన్న సగమన్న దక్కుతదా?"

"బ్యారెల్ మార్చి జల్ది తెస్త అక్కా" అన్నాను.

పట్నంలో లైసెన్సున్న రిపేరు దుకాణానికి పోయాం. షూటర్ తళతళలాడే పొడుగు బ్యారెల్ పట్టుకుని వదల్లేదు.

"ఫోటోల మంచిగ కొడ్తది."

"గోడకు తగిలించుకోను మంచిగుంటది. పొదల్ల కొమ్మలకు తట్టుకుంటది" అన్నాను.

మెరుపు లేని పొట్టిది ఎంచాను. దాని గాడులు మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా ఉన్నాయి. లేత్ మీద బ్యారెల్ బిగించే మర కోశారు, తూటా కూర్చునే చాంబర్ తొలిచారు. లోతు కొలిచే గేజి పెట్టి చూస్తే, మూసుకోకూడని బోల్టు మూసుకుంది; అంటే చాంబర్ లోతు ఎక్కువైంది. "నడుస్తది తియ్" అన్నాడు షూటర్. పేలితే ఆయన మొహంలోనే పేలుతుందని చెప్పి, పని మళ్లీ మొదటి నుంచి చేయించాను. ఈసారి సరిగ్గా కుదిరింది. దుకాణంవాళ్లే కాల్చి చూసి ఇచ్చారు.

ఊరికి తిరిగొచ్చిన సాయంత్రమే, పందుల జాడ తీయడానికి పంచాయతీ పెట్టిన మనిషి వాకీటాకీలో పిలిచాడు.

"అన్నా, పందులు వాగు దాటినయ్. యాదమ్మ చేన్ల వడ్డయ్. ఉరికి రాండ్రి."

"పదండి సార్" అన్నాను.

"కొత్త బ్యారెల్, పూజ లేంది ఎట్ల?" అన్నాడు షూటర్. దండ సిద్ధంగా ఉంది. ఫోటోగ్రాఫర్ కూడా. లైసెన్సు ఆయనది, నేను కాల్చడానికి లేదు. నేను చెయ్యి అడ్డం పెట్టేలోపే కొబ్బరికాయ పగిలింది, నీళ్లు బ్యారెల్లో పడ్డాయి. నీళ్లుండగా కాలిస్తే బ్యారెల్ పగలొచ్చు; గుడ్డ పెట్టి లాగి ఆరబెట్టేసరికి పొద్దు వాలింది. నాకు ఒళ్లు మండిపోయింది.

చేను మొత్తం తిరగబడి ఉంది. యాదమ్మ ఖాళీ పొట్టు మధ్య కూర్చుంది. షూటర్ వంగి ఆమె చేతిలో కొబ్బరిముక్క పెట్టాడు.

"ప్రసాదం" అన్నాడు.

మర్నాడు నకిరేకల్ బస్సెక్కాను. బాగుచేసిన తుపాకులు చాలా మరిచిపోయాను. మట్టి చేతిలోని ఆ తెల్లముక్క మాత్రం మనసులోంచి పోలేదు. యాదమ్మ దాన్ని తినలేదు. ప్రసాదం కదా, పారేయనూ లేదు.