ఎకసెక్కాలు మానేసిన శ్రమల కాలం

ఆ రోజుల్లో నేను నోరు విప్పకముందే జనం నవ్వేసేవారు. అది నా ప్రతిభ అనుకుని చాలా ఏళ్లు పొంగిపోయాను. కారణం నా ముఖమని పెళ్లిచూపుల్లో గాని తెలియలేదు. చదువు ఎనిమిదితో ఆగిపోయింది (నేనే మానేశాను; వెనక్కి పిలుస్తారేమోనని గేటు దగ్గర కాసేపు నిలబడ్డాను కూడా, ఎవరూ రాలేదు). సాలూరులో లారీ టైర్లకు పంక్చర్లు వేసేవాణ్ణి. చదువు లేదు, ఆస్తి లేదు, ఉన్నదల్లా ఎకసెక్కం. ఒక ఏడాది దాన్ని కూడా దేవునికి ఇచ్చేశాను.

మా చర్చి సంఘంలో శ్రమల కాలం (ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాలు) మొదలయ్యే సాయంత్రం ఒక పద్ధతి ఉంది. ఈస్టరు దాకా ఎవరు ఏం మానుకుంటారో ఒక్కొక్కరూ లేచి అందరి ముందూ చెప్పాలి. ఒకరు మాంసం అంటారు, ఒకరు టీ అంటారు, కుర్రాళ్లు సెల్‌ఫోనులో సినిమాలంటారు. నా వంతు వచ్చేసరికి చేపలు మానేస్తానన్నాను. ఆడవాళ్ల వైపు నుంచి మా అమ్మ, "నీకు సేపంటేనే పడదు గదరా, దేవుడికి తెల్దనుకున్నావేటి? నీకు పేణమైంది ఇయ్యి" అంది. అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చి, ఈస్టరు దాకా ఒక్క ఎకసెక్కం ఆడనని అక్కడికక్కడే తీర్మానం చేసేశాను. అయ్యగారు (మా పాస్టరు గారిని అలాగే పిలుస్తాం) కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ నన్ను చూశారు.

మొదట్లో మాట నాలుక చివరిదాకా వచ్చి తిరిగి వెళ్లేది. తర్వాత్తర్వాత లోపలి నిశ్శబ్దం అలవాటైంది. ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూస్తూ, నేను అసలు ఇంతగా ఎందుకు వాగుతానా అని ఆలోచించేవాణ్ణి. నాన్న పోయాక ఇంట్లో ఎవరు మౌనంగా ఉన్నా నాకు భయమేసేది. ఆ భయం మీద కప్పిన దుప్పటే నా వాగుడు. అది తెలిసిన రోజు ప్రార్థనలో నాన్నను తలుచుకుని ఏడ్చాను. ఆ ఏడుపు నిజం. అయితే సంఘంలో పెద్దలు గుంటడు మారిపోయినాడని మెచ్చుకుంటుంటే, ఆ నిజం పక్కనే చిన్న గర్వం కూడా మొలిచింది. అద్దం ముందు నిలబడి గంభీరంగా ఉండటం సాధన చేసేవాణ్ణి.

ఆ రోజుల్లోనే మా మావకు (అమ్మ తమ్ముడు, సొంత లారీ తోలుకునేవాడు) కడుపులో పుండుకు విశాఖలో ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. గండం గడిచిందని, జావ తాగుతుంటే త్వరలోనే లేచి తిరుగుతాడని డాక్టరు చెప్పాడు. ఆ వారం ప్రార్థన కూటాలు మావ ఇంట్లోనే. చిన్నప్పటి నుంచి మేమిద్దరం తిట్టుకోకుండా పలకరించుకున్నది లేదు. అలాంటిది నేను రోజూ మంచం పక్కన చేతులు కట్టుకుని కూర్చుని, తగ్గు గొంతుతో ఆరోగ్యం అడిగేవాణ్ణి. మావ జావ తగ్గించాడు. తర్వాత గ్లాసు ముట్టుకోవడమే మానేశాడు. అత్త బతిమాలింది, ఏడ్చింది. తినకపోతే ఆపరేషన్ చేసిన మనిషి నిలబడడని డాక్టరు ఫోనులో కోప్పడ్డాడు. కళ్ల ముందే మావ ఎండిపోతున్నాడు, ఎందుకో ఎవరికీ అంతు చిక్కలేదు. నేను ఇంకా గంభీరంగా ప్రార్థించాను.

ఒక సాయంత్రం ప్రార్థన అయ్యాక మావ అందర్నీ బయటికి పంపి నన్ను ఉండమన్నాడు.

"డాకటేరు మీకేటి సెప్పినాడో నాకు సెప్పీ. అబద్దమాడకు."

"బాగయిపోతాదనే సెప్పినాడు మావా."

"మరైతే నాకీ మర్యాదలేటి? మీ నాయిన పోయిన్నాడు నువ్విలాగే నోరు కట్టేసుకుని కూకున్నావు. మల్లా ఇప్పుడే సూస్తన్నాను. నాను పోతన్నానని అందరికీ తెలుసు, నాకొక్కడికే సెప్పట్లేదు. పోయేవోడికి జావెందుకురా?"

నా తీర్మానం సంగతి మావకు తెలియదు. నేను సంఘం ముందు మాట ఇచ్చిన సాయంత్రం అతను ఆసుపత్రిలో ఉన్నాడు. ఇప్పుడు చెప్పినా కట్టుకథ అంటాడు (నన్ను నమ్మినవాళ్లు అప్పటికి ఎవరూ లేరు). ఉపవాసమున్నవాడు ముఖం వేలాడదీసుకుని తిరగకూడదని అయ్యగారు బైబిల్లోంచి చదివితే, అది పక్కవాడికి అనుకున్నాను. నా మౌనం దేవుని దగ్గరకు చేరిందో లేదో గాని, మావకు మాత్రం చావు కబురై చేరింది. సంఘం ముందు ఇచ్చిన మాట ఒక పక్క, ఎండిన ఆ పెదవులు ఒక పక్క. కళ్లు మూసుకుని, లోపలే ప్రభువుని క్షమించమని అడిగి, నోరు తెరిచాను.

"నువ్వు పోతావని కాదు మావా నా దిగులు. పోతా పోతా ఆ లారీ నాకొగ్గేస్తావని. దాన్ని తోలిందానికన్నా తోసిందే ఎక్కువ గదా."

మావ పొట్ట కదిలింది. కుట్లు లాగేస్తుంటే రెండు చేతులతో పట్టుకుని, కన్నీళ్లు కారుతుండగా నవ్వాడు. నన్నొక బూతు తిట్టి, అత్తను కేకేసి జావ తెమ్మన్నాడు.

మాట తప్పానని అయ్యగారికి చెప్పుకుంటే, మావ జావ తాగాడా అని మాత్రమే అడిగారు. ఇప్పటికీ శ్రమల కాలం మొదలయ్యే సాయంత్రం నా వంతుకు లేచి నిలబడితే, ఏం మానాలో తేల్చుకోలేక తడబడతాను. అద్దంలో ముఖం సరిచేసుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త దిగులూ వేస్తుంది. దేవుణ్ణి వెతకబోయి ముందు తన ముఖాన్నే చూసుకున్నాడు పాపం.

ఆ ఈస్టరు ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద, నీ ప్రాణం నిలబెట్టింది నా ఎకసెక్కమేనని మావ దగ్గర గొప్పలు పోయాను. మావ కొత్త చొక్కా సర్దుకుని అన్నాడు:

"ఆ లారీ మీద ఆ మాట సాలూరు డైవర్లందరూ ఎప్పుడో ఆడేసినారు. నాను బతుకుతానని తెలిసి నవ్వినాను గాని, నీ మాటకెవుడు నవ్వినాడ్రా?"