ఇక్కడ లేదు, అక్కడ చూడగలరు

భవానీప్రసాద్ ఏ వస్తువును చోటు మార్చినా, పాత చోట ఒక బోర్డు పెట్టనిదే కదలడు. నందిగామలో మూడుసార్లు అద్దె ఇల్లు మారాడు. పోస్ట్‌మ్యాన్ మూడు గుమ్మాలూ వరసగా చదువుకుంటూ నాలుగో గుమ్మానికి చేరేవాడు.

జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి గనుల పరీక్షశాలలో అతను రికార్డుల గుమాస్తా. 2003లో మైథిలి అక్కడ కెమిస్టుగా చేరింది. తవ్వి చూసిన ప్రతి బోరుకీ కంప్యూటర్లో ఒక నోటు, నోటులో ఒక లింకు ఉండేవి. లింకు నొక్కితే పరీక్ష రిపోర్టు తెరుచుకోవాలి. అయితే అప్పటికే అయిదేళ్లలో రిపోర్టులు ఆరు ఫోల్డర్లు మారాయి. భవానీప్రసాద్ ఒక్క లింకూ దిద్దలేదు. ఖాళీ అయిన ప్రతి ఫోల్డర్లోనూ బోర్డు పెట్టాడు.

పదిహేడో బోరు లింకు నొక్కితే, “ఈ రిపోర్టు ఇక్కడ లేదు. దయచేసి ‘పరీక్షలు 1999’లో చూడగలరు. శ్రమకు క్షంతవ్యుణ్ణి” అని వచ్చేది. అక్కడికి వెళ్తే మరో క్షమాపణ.

“ఆరుసార్లు క్షమిస్తేగాని రిపోర్టు రాదాండీ?” అని మైథిలి నీరసంగా అడిగింది.

“చివరికి దొరికిందిగా అమ్మా.”

శుక్రవారం ఆడిట్. ఏ రిపోర్టయినా రెండు నిమిషాల్లో తెరుచుకోవాలని మేనేజరు ఆజ్ఞ. నోట్లు నాలుగు వందల పన్నెండు. మైథిలి మూడు రోజులు మెడ నొప్పితో కూర్చుని, ఒక్కో లింకునూ నేరుగా రిపోర్టుకు కలిపి, బోర్డులన్నీ తీసేసింది. గురువారం మధ్యాహ్నానికి ఆమె కళ్లకు ఆరుకూ ఎనిమిదికీ తేడా తెలియడం మానేసింది.

అప్పుడు సీనియర్ కెమిస్టు అనంతరామయ్య వచ్చి పదిహేడో బోరు కోసం కూర్చున్నారు. నోటు వైపు చూడనే లేదు. సరాసరి ‘సున్నపురాయి 1998’ తెరిచారు. ఖాళీ. మూసి మళ్లీ తెరిచారు. కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి తెరిచారు.

కంప్యూటర్ మొరాయిస్తోందని చెప్పి, భవానీప్రసాద్ ఆయన్ని టీకి పంపేశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“ఆయనకి కొత్త చోట్లు గుర్తుండట్లేదమ్మా. తను మొదట పెట్టిన ఫోల్డరొక్కటే గుర్తు. ఏడు నెలల్లో రిటైరవుతారు. రేపు ఆడిట్‌వాళ్ల ముందు తడబడితే ఆ కుర్చీలోంచి లేపేస్తారు.”

“ముందే చెప్పొచ్చుగా?”

“చెబితే అందరికీ తెలిసిపోదూ? బోర్డులు నా పిచ్చి అనుకుంటే గొడవే లేదు.”

వాదించే ఓపిక మైథిలికి లేదు. తను దిద్దిన లింకులను అలాగే ఉంచి, 1998 ఫోల్డర్లో మాత్రం నేరుగా రిపోర్టుకు దారి చూపే బోర్డులు పెడదామంది. ఇద్దరూ చెరి రెండు వందల ఆరు చొప్పున రాశారు. పని తగ్గుతుందని ఆమె క్షమాపణ వాక్యం తీసేయబోయింది.

“అది లేకపోతే ఆయన నమ్మరమ్మా” అన్నాడు భవానీప్రసాద్.

మర్నాడు ఆడిటరు పదిహేడో బోరే అడిగాడు. అనంతరామయ్య పాత ఫోల్డరు తెరిచి, బోర్డు చదివి, రిపోర్టు చూపించారు. నలభై సెకన్లు పట్టింది.

“ఈ బోర్డులేంటండీ?” అన్నాడు ఆడిటరు.

అనంతరామయ్య జాలిగా ముందుకు వంగారు. “మా ప్రసాద్ పెట్టుకున్నాడండి. ఎక్కడేముందో అతనికి గుర్తుండదు, పాపం. మీరు పైకి రాయకండి.”

భవానీప్రసాద్ తల దించుకుని, “అవునండి. ఈ మధ్య మరీ ఎక్కువైంది” అని ఒప్పుకున్నాడు.