వెనక్కి వచ్చిన క్యాను

మా అమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పోయిన కాపులో ఆ కోపం మా ఊరి కాఫీ సంఘం మీద పడింది. అందరి పళ్ళూ ఒకచోట పోసి అమ్మే సంఘం అది. పండు ఎర్రగా ఉంటేనే తీసుకుంటారు. అమ్మేమో మునగాకు దూసినట్టు కొమ్మంతా ఒక్క లాగు లాగేస్తుంది. బుట్టలో సగం పచ్చికాయలేనని అందరి ముందూ వెనక్కి పంపేశారు.

"ఇంక ఆ సంఘం గుమ్మం తొక్కను. సంతలో సావుకారు పచ్చీ పండూ సూడడు, ఏది పోసినా తీసుకుంతాడు" అంది.

సంతలో షావుకారు చెప్పిందే ధర. సంఘం వదిలేస్తే మళ్ళీ అతని ముందు చేతులు కట్టుకుని నిలబడాలని అమ్మకూ తెలుసు. ఆ మాట నేనంటే మాత్రం నా వీపు విమానం మోత మోగుతుంది.

ఆ వారమే కాఫీ తోటలు చూడాలని డెన్మార్క్ నుంచి ఒక పెద్దావిడ వచ్చి మా ఇంట్లో దిగింది. నేను బడిపంతులమ్మను కనుక ఆవిడ ఇంగ్లీషు అమ్మకు తెలుగులో చెప్పే పని నాదే. పొయ్యి దగ్గర చేరాక అమ్మ అడిగింది.

"మీ దేశంలో ఏటి పండుతాది?"

"నా చిన్నప్పుడు వెన్న" అని నవ్వింది ఆవిడ. ఊరి పాలన్నీ ఊరి డెయిరీలో ఒకే తొట్టిలో పోసేవారట. ఆ వెన్న పై దేశాలకు పంపి బాగుపడ్డారట. ఎవరి పాలు వాసన వేసినా క్యాను వెనక్కే. ఒకసారి వాళ్ళ నాన్న క్యాను కూడా అలాగే తిరిగొచ్చిందట.

అమ్మ పుల్లలు ఎగదోయడం ఆపింది. "మీ అయ్య ఏటి సేసినాడు?"

"ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు అందరికంటే ముందు క్యాను తోమి, డెయిరీ బండి కోసం రోడ్డు మీద పెట్టాడు."

"ఇప్పుడూ అక్కడే పోస్తన్నారా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. దేశానికి ఇంకా కలిమి వచ్చాక చిన్న డెయిరీలన్నీ పెద్దవాటిలో కలిసిపోయాయట. వాళ్ళ ఊరి డెయిరీని ఎవరో కొని ఇల్లు చేసుకున్నారట. వాళ్ళ నాన్న ఆవుల్ని అమ్మేశాడట.

"డబ్బుకు లోటు లేదు. కానీ ముసలితనంలో రోజూ పొద్దున్నే రోడ్డు వైపు చూసేవాడు. 'నా క్యాను వెనక్కి పంపేవాళ్ళు కూడా లేరు' అనేవాడు."

ఆ మాట అమ్మకు తెలుగులో చెప్పాను. అమ్మ లేచి ఆవిడ గ్లాసులో మళ్ళీ కాఫీ పోసి, నా వైపు తిరిగింది.

"రేపు బేగి లేపు. తోటలో నా పక్కనే ఉండు. పచ్చికాయ మీద సెయ్యేత్తే, సెయ్యి మీద కొట్టు."