కాకి ఎంగిలి

మా బడిలో మధ్యాహ్నం పిల్లలందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని తింటారు. ఒక్క అమ్మాయి మాత్రం కిటికీ పక్కన విడిగా, ఇంటినుంచి తెచ్చిన పళ్ళెం, చెంచా, గ్లాసుతో కూర్చునేది. ఈ పరాయి దేశంలో, స్కోఫీల్డ్స్ అనే పేట దగ్గర మేధో వైకల్యం ఉన్న పిల్లల బడి అది. నేనక్కడ టీచరుకు సహాయకురాలిని. బల్ల దగ్గర నవ్వులు వినబడితే ఆ పిల్ల అటు తిరిగి, కాస్త ఆలస్యంగా తనూ నవ్వేది.

విడిగా కూర్చోబెట్టమన్నది వాళ్ళమ్మే. టీచరు అక్కర్లేదన్నా వినలేదు. నేను తెలుగమ్మాయినని తెలిశాక ఒకరోజు కారు దగ్గర గొంతు తగ్గించి చెప్పింది.

"దానికి హెపటైటిస్ బి ఉందమ్మా. నా నుంచే వచ్చింది. దాని ఎంగిలి ఇంకో బిడ్డకి అంటితే నేను తట్టుకోలేను తల్లీ."

జవాబుగా ఏం చెప్పాలో ఇంటికెళ్ళి డైరీలో రాసుకుని బట్టీ పట్టాను. మర్నాడు ఆ ఆంటీ ఎదురుపడితే "బావున్నారా" అని మాత్రం అనగలిగాను.

చివరికి బడి నర్సు ఆంటీని పిలిచి, తెలుగులో చెప్పడానికి నన్నూ కూర్చోబెట్టింది. కలిసి తింటే రాదు, రక్తంతో వస్తుంది అంది. అందుకే ఎవరికి దెబ్బ తగిలినా మేం గ్లవ్స్ వేసుకుంటాం, ఎవరి బ్రష్ వారిదే, పిల్లలకూ మాకూ టీకాలు ఉంటాయి అంది. ఆ తర్వాత, ఇంట్లో నెయిల్ కటర్ సంగతేమిటని అడిగింది.

"అదేముందమ్మా, అందరికీ ఒకటే. ఫ్రిజ్ మీద పడుంటుంది," అంది ఆంటీ. నర్సు ముఖం చూసి, వెంటనే నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! పళ్ళెం వేరు పెట్టాను కానీ... ఇవాళే కొత్తది కొంటా. మా ఆయనకి టీకా ఎప్పుడో అయింది, అదొక్కటే నయం."

"అయినా ఎంగిలంటే..." అని ఆంటీ ఇంకా నసుగుతూనే ఉంది. అంతలో బయట కూర్చున్న పిల్ల డబ్బాతో లోపలికొచ్చింది. చేగోడీ మీదికి స్వెట్టర్ చేతిని లాగి, బట్ట మీదనుంచే కొరికి, సగం నా చేతిలో పెట్టింది.

"ఫర్ యూ, మిస్. కాకి ఎంగిలి!"

"ఒసేయ్, ఇవ్వకే!" అని ఆంటీ లేచింది. బట్టీ పట్టినదేదీ గుర్తు రాలేదు. చేగోడీ నోట్లో వేసుకున్నాను. స్వెట్టర్ పోగు ఒకటి నాలుకకు తగిలింది.

"టీకా వేయించుకున్నావా?"

"ఉద్యోగంలో చేరకముందే ఆంటీ."

ఆమె మళ్ళీ కుర్చీలో కూర్చుంది. "ఎలా ఉంది?"

"కారం తక్కువైంది."

"దానికోసం తగ్గిస్తాలే," అంది కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాడు పొద్దున ఆంటీయే కిటికీ దగ్గర కుర్చీ ఎత్తి బల్ల దగ్గర వేసింది. పళ్ళెం మాత్రం ఇంటిదే, "అదొక్కటీ ఉండనీ" అంది. మధ్యాహ్నం ఎవరో పాలు ఒలకబోశారు. అందరికన్నా ముందు నవ్వింది మా పిల్లే.