అటకలో వదిలిన చోటు

ట్రాప్‌డోర్ అంటే ఒక వైపు పోవడం సులువు, కిటుకు తెలియకపోతే వెనక్కి రావడం గగనం. పీలమేడు కాలేజీలో కంప్యూటర్ పాఠంలో ఏళ్ల తరబడి ఇదే చెబుతున్నాను. నాటకాల్లోనైతే వేదిక మీది మనిషి ఉన్నట్టుండి కిందికి మాయమయ్యే పలక అది. నాకు మాత్రం ఆ మాట అనగానే కినత్తుకడవులో మా పుట్టింటి నడిమింటి పైకప్పుకు ఉన్న చెక్క తలుపే గుర్తొస్తుంది. నిచ్చెనెక్కి పైకి నెడితే అటక. మాకు అది పడే దారి కాదు, ఎక్కే దారి.

ఆ అటకలో కొబ్బరికాయలు ఏడాది పాటు ఆరి లోపల్లోపలే కురిడీ అవుతాయి. మా ఇంటి పెళ్లి పళ్లేల్లోకి అవే కావాలి. వాటిని పేర్చేదీ తిప్పేదీ ఆడవాళ్లే. అన్న కూతురి పెళ్లి కోసం ఈసారి అమ్మే ఎక్కి పేర్చింది. ఆ తర్వాత మోకాళ్లు మొరాయించాయి.

మొన్న నేను వెళ్లేసరికి అన్న ఆ తలుపుకు మేకులు కొట్టేశాడు. ఏసీ పెట్టిస్తున్నాడట, చల్లదనం పైకి పోతుందట. తలుపెత్తి తడిమితే చేతికి ఒక్క కాయా తగల్లేదట. మా అన్న తెలివి తెల్లారినట్టే ఉంది. తిప్పే మనిషి కూర్చోవడానికి తలుపు పక్కన చోటు వదులుతారు. ఎన్నడైనా ఎక్కి ఉంటే కదా తెలిసేది!

"ఏం కన్నూ, నన్నొక మాట అడిగితివా? పైన బిడ్డ పెండ్లి కాయ వుండాది" అంది అమ్మ కొడుకుతో.

"నీ మోకాలితో ఏణి ఎక్కేది కాదుమా. ఇంక ఎవరెక్కేది?" అన్నాడు అన్న, నిచ్చెన వైపు చూపిస్తూ.

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. మేకులు పీకమన్నాను. పీకే దాకా పక్కనే నిలబడ్డాను. కొంగు దోపి నిచ్చెనెక్కాను.

చుట్టూ కాయలే. నడుమ ఖాళీలో హాయిగా చతికిలబడ్డాను. బుట్టలో ఒక కాయ దించితే అమ్మ చెవి దగ్గర ఆడించి చూసింది.

"నీళ్లింకా వుండాది అమ్మిణీ. తిప్పి పెట్టు."

అప్పుడు తట్టింది. అమ్మ బక్కపలచని మనిషి, నేను ఆమెకు రెండింతలు.

"ఇంత జాగా ఎందుకు వదిలితివిమా?"

"నేను ఇంక ఎక్కేది లేదని అప్పుడే తెలుసు. నీ కొలతకే వదిలితిని."

కింద అన్న మేకులు ఏరుకుంటున్నాడు. కళ్లు తుడుచుకుని మొదటి వరస తిప్పడం మొదలుపెట్టాను.