సుద్ద గుర్తు లేని తలుపు

మా ఊళ్లో నేను దిగని నేలమాళిగ లేదు. పద్దెనిమిదేళ్లుగా బొగ్గు బస్తాలు భుజాన వేసుకుని దిగుతున్నాను. సాంకేతిక పాఠశాల నన్ను రెండో ఏడాదిలోనే వదిలించుకుంది. దానికి అదృష్టం లేదంతే. ఎవరింట్లో క్యాబేజీ ఊరుతోందో, ఎవరింట్లో దొంగసారా కాగుతోందో, ఏ మొగుడు అలిగి బొగ్గు పక్కన మంచం వేసుకున్నాడో సగం మెట్ల మీదే చెప్పేయగలను. ఒకసారి ఒక్కరోజులో రెండు వందల బస్తాలు దింపాను. నూటయాభై అంటాడు మా తమ్ముడు. వాడికి లెక్కలు రావు.

ఇది మాత్రం నా గొప్పల కథ కాదు. బ్రోన్యా గారి కథ.

పూర్తి పేరు బ్రోనిస్వావా. పోలండ్‌లో శాన్ నది దగ్గర, మా ఊరి పొలిమేరలో రైల్వే గేటు వేసి తీసిన మనిషి. ముప్ఫై ఒక్క ఏళ్లు అదే గది, అదే ఫోను, అదే ఎర్రజెండా. పొట్టి మనిషి, లావుపాటి కళ్లద్దాలు. ఎడమ మణికట్టు వంకరగా అతుక్కుంది, తాళం తిప్పాలంటే కుడిచేయే కావాలి. అదెలా విరిగిందని ఎవరైనా అడిగితే వాతావరణం గురించి మాట్లాడేది. వంటగదిలో చచ్చిపోయిన కుక్క ఫోటో ఉండేది. చచ్చిపోయిన మొగుడి ఫోటో ఉండేది కాదు.

ఒకసారి ఆమె గేటు దగ్గర మంత్రిగారి కారు ఆగిపోయింది. గూడ్సు ఆలస్యం. ఈ సంగతి నేను చెప్పేటప్పుడు నలభై నిమిషాలు ఆపిందంటాను, మంత్రి మంచులో మోకాళ్ల మీద కూర్చుని బతిమాలాడంటాను. ఆమె పక్కనుంటే వెంటనే సరిదిద్దేది. ఏడు నిమిషాలేనట. మోకాళ్లేం లేవు, బూతులు తిట్టాడట.

అదీ ఆమె జబ్బు. అబద్ధం ఆడటం చేతకాదు. దగ్గు ఆపుకోలేని వాళ్లుంటారు చూడండి, ఆమెకి నిజం అలాంటిది. నాలాంటి వాడికి ఆమె వంటగదిలో పావుగంట కూర్చోవడమంటే శిక్ష. అయినా కూర్చునేవాణ్ణి. గసగసాల రొట్టె బాగా చేసేది మరి.

గేటుకి యంత్రం వచ్చాక ఆమెని ఇంటికి పంపేశారు. అప్పుడు జిల్లా పాలకమండలి ఆమెకి ఇంకో కాపలా అప్పజెప్పింది. తోళ్లవాళ్ల వీధిలో సన్నటి పసుపురంగు రెండంతస్తుల ఇల్లు. బోర్డు లేదు. మొగుడి దెబ్బలకి పారిపోయి వచ్చిన ఆడవాళ్లు పిల్లల్తో అక్కడ కొన్ని నెలలు తలదాచుకునేవారు. చిరునామా ఆరుగురికే తెలుసు. ఏడోవాణ్ణి నేను, ఎందుకంటే ఒంటరి ముసలామె ఇల్లు మూడు సంసారాల బొగ్గు మండిస్తుంటే బొగ్గువాడికి తెలియకుండా ఉండదు.

మొదటిసారే ఆమె నన్ను నేలమాళిగలో నిలేసింది. "వాల్దెక్, నీ నోటి సంగతి నాకు తెలుసు. ఈ ఇంటి మాట నీ నోట్లోంచి రాకూడదు. వస్తే ఎవరో ఒకరు చస్తారు. సరదాకి చెప్పడం లేదు."

బొగ్గుగని వాళ్ల దేవత సెయింట్ బార్బరా మీద ఒట్టు పెట్టాను. ఆరేళ్లు నిలబెట్టుకున్నాను. నేను మోసిన బరువులన్నిట్లో అదే పెద్దది, ఆ రెండు వందల బస్తాలతో కలిపి.

ఆ శీతాకాలంలో, అంటే రెండువేల పంతొమ్మిది చివర్లో, ఆ ఇంట్లో ఎదితా ఉండేది, ఇద్దరు పిల్లల్తో. ఇరవై ఆరేళ్లు. కుడిచెవి వినపడదు. పుట్టుకతో వచ్చింది కాదు. ఆమె మొగుడు రాదెక్ కలప కోతమిల్లులో పనిచేసేవాడు, ఊరి అగ్నిమాపక దళంలో స్వచ్ఛందంగా ఉండేవాడు. నదిమీద మంచు విరిగినప్పుడు ఇద్దరిని బయటికి లాగినవాడు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. నాతో కలిసి బీరు తాగేవాడు. ఎదితా వెళ్లిపోయాక ఊరంతా అతని మీద జాలిపడింది. నేనూ పడినట్టు నటించాను.

డిసెంబరులో పాలకమండలి కూర్చుంది. కుటుంబ హక్కుల పత్రం మీద చర్చ, ఆ ఇంటి ఖర్చు ఆపేసే మాట కూడా అందులోనే ఉంది. ఇంటర్నెట్‌లో నేరుగా చూపిస్తున్నారు, బారులో అందరం టీవీకి కలిపి చూశాం. మాతూషిక్ అనే సభ్యుడు లేచాడు. ఆడవాళ్ల మీద హింస గురించి యూరప్ దేశాలు రాసుకున్న ఒప్పందం మన ఇళ్లల్లో దూరుతోందని, మొగుడూ పెళ్లాల మధ్య గోడ కడుతోందని చాలాసేపు మాట్లాడాడు. చివర్లో మాత్రం నెమ్మదిగా అన్నాడు:

"ఆ ఇల్లెక్కడుందో చెప్పండి చాలు. మన ఊళ్లో మనకి తెలియని ఇల్లు ఒకటుండటమేమిటి?"

అది చెబితే దానికి అర్థమే పోతుందని డాక్టరమ్మ ఒకామె లేచి అంది. కిందటేడు తన ఆసుపత్రికి ఎన్ని దవడలు విరిగి వచ్చాయో చెప్పబోతుంటే సమయం అయిపోయిందని మైకు ఆపేశారు. బారులో ఒకడు, ఇంటి గొడవల్లో బ్రసెల్స్‌లో కూర్చున్న యూరప్ పెద్దలకేం పనని అరిచాడు. బీరు పోసే యాజ్యా గ్లాసు తుడుస్తూనే, పెళ్లాం వదిలేసి పోయినవాడివి నువ్వు ముందు చొక్కా ఉతుక్కోమంది. అందరూ నవ్వారు. రాదెక్ కూడా నవ్వాడు.

పత్రానికి పద్నాలుగు ఓట్లు, వ్యతిరేకంగా అయిదు. ఏప్రిల్ నుంచి ఆ ఇంటికి డబ్బు లేదు.

మర్నాడు బస్తాలు దింపుతుంటే బ్రోన్యా గారు బంగాళాదుంపలు చెక్కుతోంది. "ఎర్రదీపం పీకేశారు," అంది. "రైలు మాత్రం వస్తుంది."

జనవరి ఆరు, బాల యేసుని చూడవచ్చిన ముగ్గురు రాజుల పండుగ. గుడిలో దీవించిన సుద్దముక్కతో ప్రతి తలుపు మీదా ఆ ముగ్గురి గుర్తులూ, కొత్త ఏడాది అంకెలూ రాస్తారు. ఆ రెండు మూడు రోజుల్లో ఫాదర్ గారు ఇల్లిల్లూ తిరుగుతారు. వెనకాల ఆర్గన్ వాయించే ఆయన ఒక పెట్టెడు కార్డులతో వస్తాడు. ఇంట్లో ఎందరు, ఎవరెవరు, అన్నీ రాసుకుంటాడు. ఆ కార్డుల వల్లే బ్రోన్యా గారు వాళ్లని లోపలికి రానివ్వదు. రోజూ గుడికి వెళ్లే మనిషే. పాత ఫాదర్‌కి సంగతి తెలుసు, ఆ తలుపు దాటి తలొంచుకుని వెళ్లిపోయేవారు. ఆయన పోయాక కొత్తగా కుర్ర ఫాదర్ వచ్చారు. ఆమె మాత్రం అంతే. ఫాదర్ రాని ఇంటి మీద ఫాదర్ వచ్చినట్టు రాయడం ఆమెకి చేతకాదు. అందుకే తోళ్లవాళ్ల వీధిలో పదకొండు తలుపుల మీద సుద్ద ఉండేది, ఒకదాని మీద ఉండేది కాదు. ఆరేళ్లు ఎవరూ చూడలేదు. చూడాలని ఎవరికీ తోచలేదు.

తోచేట్టు చేసింది నేను.

పండుగైన నాలుగు రోజులకి బారులో రాదెక్ నాకు మూడు బీర్లు తాగించాడు. ఏమీ అడగలేదు. ఊళ్లో ప్రతి గడపా పోస్టుమాన్ కంటే నాకే ఎక్కువ తెలుసట కదా, నిజమేనా అన్నాడు. అలాంటి మాట విని ఊరుకునే వంశం కాదు మాది. నిజమే అన్నాను. కావాలంటే పరీక్ష పెట్టమన్నాను. ఈ ఊళ్లో సుద్ద లేని తలుపులు మూడేనన్నాను. కోతమిల్లు దగ్గర వేరే మతం వాళ్లది ఒకటి, దేవుడితో పడని పశువుల డాక్టరుది ఒకటి, తోళ్లవాళ్ల వీధిలో ఒకటి, అక్కడికి నెలకి ముప్ఫై బస్తాలు నేనే మోస్తానని...

అక్కడ ఆగాను. అప్పటికే ఆలస్యమైంది. రాదెక్ పెదవి మీది నురగ మెల్లగా తుడుచుకున్నాడు. నాకు నాలుగో బీరు చెప్పి, డబ్బిచ్చి, భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఆ నాలుగో బీరు నేను తాగలేదు. నన్నెరిగిన వాళ్లకి దాని అర్థం తెలుస్తుంది.

తెల్లారి బ్రోన్యా గారికి చెప్పాను. ముందు ఎవరో వాగారని చెప్పబోయాను. ఆమె కళ్లద్దాల్లోంచి అలా చూస్తుంటే నేనే వాగానని వచ్చేసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. సుద్దముక్క జేబులో ఉంది, ఒక్క నిమిషంలో రాసేస్తానన్నాను.

"ముప్ఫై ఏళ్లలో ఎరుపున్నచోట పచ్చజెండా చూపించలేదు," అంది. "ఇప్పుడూ చూపించను. వెళ్లు."

వెళ్లాను, వేరే ఉపాయంతో. గుర్తు పెట్టనివ్వకపోతే మిగతావి చెరిపేస్తే సరి. ఆదివారం పెద్ద ప్రార్థనకి వీధి వీధంతా గుడిలో ఉన్నప్పుడు తడిగుడ్డ తీసుకుని పదకొండు తలుపులూ తుడిచేశాను. నా అంత తెలివైనవాడు పోలండ్‌లో ఇంకొకడు లేడనుకున్నాను ఆ మధ్యాహ్నం.

సాయంత్రానికి ఊరు అట్టుడికిపోయింది. పవిత్రమైన గుర్తుల మీద చెయ్యి వేశారు. మాతూషిక్ ఆ తలుపుల ముందు నిలబడి వీడియో తీశాడు. చూశారా, ఆ ఒప్పందం వాళ్లు, ఆ ఆడవాళ్ల హక్కుల వాళ్లు మన గడపల దాకా వచ్చేశారన్నాడు. వీధికి కాపలా కావాలన్నాడు. అగ్నిమాపక దళం ముందుకొచ్చింది. అందరికంటే ముందు పేరిచ్చింది రాదెక్.

అలా అతను తోళ్లవాళ్ల వీధిలో దర్జాగా నిలబడ్డాడు, ఊరందరి ఆశీర్వాదంతో. వీధిలో ఇద్దరు, వెనక తోటల దారిలో ఇద్దరు, వంతులవారీగా. పక్కింటి ముసలమ్మ అతనికి వేడివేడి బీట్‌రూట్ సూపు తెచ్చి ఇచ్చేది. అతను తాగి, గిన్నె కడిగి ఇచ్చేవాడు. పసుపు ఇంటివైపు ఒక్క అడుగు వేయలేదు. మేడమీది కిటికీని మాత్రం చూస్తూ ఉండేవాడు. మేడమీద ఎదితా పిల్లల్ని నాలుగు రోజులు నేలమీద కూర్చోబెట్టి ఆడించింది, తలలు కనపడకుండా.

బ్రోన్యా గారు రెండుసార్లు పోలీసులకి ఫోన్ చేసింది. వీధిలో నిలబడటం నేరం కాదన్నారు.

గురువారం మధ్యాహ్నం మూడింటికి ఫాదర్ గారు మళ్లీ ఊరేగింపుగా వచ్చి తలుపులన్నీ కొత్తగా దీవిస్తారని చాటించారు. ఆ ఉదయం బ్రోన్యా గారు నన్ను బొగ్గు లేకుండానే పిలిపించింది. బల్లమీద రైళ్ల పట్టిక ఉంది.

"ఫాదర్ వస్తే కాపలావాళ్లందరూ ఆయన వెనకే నడుస్తారు. వెనకదారి ఖాళీగా ఉంటుంది. తోట దాటితే స్టేషన్ పది నిమిషాలు. మూడూ నలభైకి బండి. నా తలుపు దగ్గరికి మూడున్నరకి వస్తారు. నేను అడ్డం నిలబడతాను. నువ్వు మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"నలభై ఏళ్లుగా ఏం మాట్లాడుతున్నావో అదే," అంది. "ఇన్నాళ్లకి పనికొస్తావు."

మూడూ ఇరవై తొమ్మిదికి వచ్చారు. ఫాదర్, ఆర్గన్ ఆయన, కార్డుల పెట్టె, వెనక నలభై మంది. దీవించిన నీళ్ల బిందె పట్టుకుంది రాదెక్, కావాలని అడిగి తీసుకున్నాడు. బ్రోన్యా గారు తలుపు తీసి గడప మీద నిలబడింది. వంకర చెయ్యి అడ్డంగా చాపి ద్వారబంధానికి ఆనించింది.

"ఇప్పుడు కాదు ఫాదర్. కాసేపాగాలి."

ఎందుకని ఆయన అడిగారు. ఆమె చెయ్యి దించలేదు. అబద్ధం చెప్పడం చేతకాదు, నిజం చెప్పకూడదు. జనంలో గుసగుస మొదలైంది. చూశారా, దాచుకోవడానికేదో ఉందని ఎవరో అన్నారు. రాదెక్ తలెత్తి కిటికీ చూశాడు. పక్కసందు వైపు ఒక అడుగు వేశాడు. చేతుల్లో దీవించిన నీళ్లు. దాన్ని నేలమీద పెట్టడానికి లేదు, పట్టుకోమంటే అందుకునే వాళ్లెవరూ ఆ వైపు లేరు.

అప్పుడు నేను అరుగెక్కాను. సుద్ద గుర్తులు చెరిపింది నేనేనన్నాను.

నా జీవితంలో జనం ముందు చెప్పిన మొదటి నిజం అది. నలభై మందీ నవ్వారు. పోయినేడు నదిలో నిన్ను మింగబోయిన చేపని కూడా నువ్వే చెరిపావా అన్నాడొకడు. నేను ఒట్టు పెట్టాను. ఇంకా నవ్వారు. ఏ తలుపు ముందు తుడిచానో, ఏ గుడ్డతో తుడిచానో, ఎవరి తలుపు మీద పెచ్చులూడిన రంగుందో వివరంగా చెప్పుకుంటూ పోయాను. మాతూషిక్ నోరు మూయమన్నాడు. మూయలేదు. ఫాదర్ గారు గడియారం చూసుకున్నారు. మంచు పడటం మొదలైంది. నవ్వనివాడు ఒక్క రాదెక్కే. నన్ను చూడటం లేదు, ఏదో వింటున్నాడు.

స్టేషన్ వైపు నుంచి బండి కూత వినపడింది.

బ్రోన్యా గారు ఆ చప్పుడు దూరమయ్యేదాకా విని, మెల్లగా చెయ్యి దించింది. "ఇప్పుడు రండి," అంది.

లోపల అంతా చూశారు. మేడమీద మూడు మంచాలు, మడతపెట్టిన దుప్పట్లు. బల్లమీద మూడు కప్పులు, ఒకదాంట్లోంచి ఇంకా ఆవిరి వస్తోంది. ఇక్కడ ఎందరుంటారని ఆర్గన్ ఆయన కార్డు తీశాడు. "ప్రస్తుతం నేనొక్కదాన్నే," అందామె. అదీ నిజమే. ఫాదర్ గారు ఆ కప్పుల్ని చాలాసేపు చూశారు, మరేమీ అడగకుండా తలుపు మీద సుద్దతో రాసి వెళ్లిపోయారు.

రాదెక్ అప్పటికి బిందె ఎవరికో అప్పజెప్పాడు. నా పక్కకొచ్చి నిలబడ్డాడు. గొంతు ఎప్పట్లాగే మెత్తగా ఉంది.

"మూడూ నలభై బండి మూడు ఊళ్లలోనే ఆగుతుంది కదరా వాల్దెక్?"

నా దగ్గర జవాబు లేని ప్రశ్న ఉండదు. వందమందిని వంద దారులు పట్టించగలను. ఆరోజు మాత్రం అబద్ధం చెబితే ఆ ఊరు వదిలేసి మిగతావి వెతుకుతాడని, నిజం చెబితే అదే పట్టుకుంటాడని తెలిసి, నోరు తెరవలేకపోయాను. అతను భుజం తట్టాడు, బారులో తట్టినట్టే.

కాపలా ఎత్తేశారు. ఏప్రిల్‌లో ఇంటి తాళాలు పాలకమండలి తీసుకుంది. అప్పటిదాకా బ్రోన్యా గారు అక్కడే ఒంటరిగా ఉంది, తలుపు మీద గుర్తుతో, ఆ వీధిలో అందరి తలుపుల్లాగే. నేను వారానికి రెండు బస్తాలు తీసుకెళ్లేవాణ్ణి. ఆమె నాకు రొట్టె పెట్టి, ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చునేది. క్షేమంగా చేరాక ఒకసారి మోగించి పెట్టేయమని ఎదితాకి చెప్పిందట.

రాదెక్ ఆ మార్చిలో మిల్లుకి మూడు వారాలు సెలవు పెట్టాడు.

ఆ ఫోను మోగగా నేను వినలేదు. మోగిందా అని ఆమెని అడగనూ లేదు, ఎందుకంటే అడిగితే నిజమే చెబుతుంది.